ఎవరిదీ కాని రంగు

రంగులకు రాజకీయం లేదని ముప్పై ఏళ్ళకు పైగా క్లాసులో చెప్పాను. ఆ మాట నోట్సులో రాసుకున్న పిల్లలు ఈపాటికి మంచి మంచి ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. వాళ్ళందరికీ ఆలస్యంగానైనా ఒక సవరణ చెప్పాలి. ఇప్పుడు డిజైను చదువుతున్నవాళ్ళు కూడా వినండి. పరీక్షలో అడగరు గానీ బయట పనికొస్తుంది.

నేను పనిచేసింది మద్రాసు నగరం మధ్యలో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో. చిత్రకళ, డిజైను, ఆర్కిటెక్చరు, ఈ మూడింటికీ దానికి మంచి పేరు. రోజూ తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి పోయేవాణ్ణి. మా నాన్న తమిళనాడు అంచున ఉన్న ఆర్.కె.పేట పక్కన వేరుశనగ, చెరకు పండించిన రైతు. ఒకసారి నన్ను చూడ్డానికి అక్కడికి వచ్చాడు. క్యాంటీన్లో కాఫీ తాగి, గాజు గోడల వైపు, మెట్ల మీద కూర్చుని బొమ్మలు గీసుకునే పిల్లల వైపు చాలాసేపు చూశాడు.

"ఇంత పెద్ద బిల్డింగులో నువ్వు చెప్పేది యేందిరా?" అన్నాడు.

"రంగులు, నాయనా."

"రంగులకు గూడా వాద్యార్లు ఉండారా?"

"ఉన్నారు."

"నెల నెలా జీతం ఇస్తాండారా?"

"ఇస్తున్నారు."

"సరే, ఊర్లో యెవురికీ చెప్పొద్దు" అని లేచాడు.

నాకు రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో మా డీన్ ఒక మీటింగు పెట్టాడు. పిల్లలు కాగితాల మీద గీసింది చాలు, జనం వాడుకునేది ఏదో ఒకటి నిజంగా కట్టాలి, చివరి ఏడాది మార్కులు దాని మీదే అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ ఉన్నట్టుండి తమ ఫోన్లలో ఏదో ముఖ్యమైనది వెతుక్కోవడం మొదలుపెట్టారు. నా నోరే ఊరుకోలేదు. తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట పోయే దారిలో, మా ఊరికి కాస్త ఇవతల ఒక బస్సు స్టాపు ఉందని, స్టాపంటే జనం ఎండలో నిలబడే చోటే తప్ప ఇంకేమీ లేదని, అక్కడ ఒక షెల్టరు కట్టవచ్చని చెప్పాను. "అక్కడ నాకు అందరూ తెలుసు" అని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

నాకు తోడుగా ఆర్కిటెక్చరు చెప్పే మేడంను వేశారు. తమిళావిడ. హ్యాండు బ్యాగులో కొలత టేపు లేకుండా ఇల్లు కదిలేది కాదు. నవ్వు వచ్చే మాట అంటూ తను మాత్రం నవ్వని మనిషి. పిల్లల బృందానికి నాయకురాలు ఉత్తరాది నుంచి వచ్చిన ఒక అమ్మాయి. తెలివైంది. జుట్టుకు నీలం రంగు వేసుకుంది. తెలుగులో "అన్నా" అనే ఒక్క మాట నేర్చుకుని దాన్ని ఆడా మగా తేడా లేకుండా అందరికీ వాడేది. మేము మొదటిసారి వ్యాను దిగగానే టీ అంగడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన ఆ జుట్టు కేసి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ పాప యే కట్చి సార్?"

"కట్చీ లేదు, ఏం లేదు. ఫ్యాషను" అన్నాను.

"అట్లనా" అన్నాడు. నమ్మలేదు. కట్చి అంటే పార్టీ. నాకు ఆ రోజే అర్థం కావాల్సింది.

ఆ స్టాపు ఉన్న ఊరి పంచాయతీకి ప్రెసిడెంటు ఒకావిడ. ఆమె పుట్టిల్లు మా ఊరే కాబట్టి నన్ను అన్నా అని పిలిచేది. భర్త మాట వినే ప్రెసిడెంటు కాదు. భర్తే ఆమె వెనకాల టూవీలరు మీద కూర్చుని వచ్చేవాడు. మా డ్రాయింగులన్నీ తిప్పి తిప్పి చూసి ఒక్కటే మాట అంది.

"కట్టండన్నా. మీరు కట్టి మీ మద్రాసుకు పూడిస్తారు, నేను ఈడనే ఉండాల. యెవురితోనూ పంచాయితీ రాకుండా చూడండి."

"బస్సు షెల్టరుకు పంచాయితీ ఏముంటుందమ్మా?" అన్నాను నేను.

కట్టడం వరకూ ఏ గొడవా లేదు. మేడం టేపు తీస్తే మేస్త్రీలు కూడా నిటారుగా నిలబడేవాళ్ళు. పడమటి ఎండ రాకుండా ఒక గోడ, గాలి వచ్చేటట్టు సందులు, పెంకుల కప్పు, పొడుగాటి సిమెంటు అరుగు. ఊళ్ళోవాళ్ళు వచ్చి కూర్చుని చూసి బాగుందన్నారు. మేడం పని పూర్తయి, నా పని మొదలైంది.

నీలం జుట్టు అమ్మాయి వారం పాటు ఆ చుట్టుపక్కలంతా తిరిగి, పొలాలకూ ఆకాశానికీ ఫోటోలు తీసి, గోడకు లేత నీలం రంగు తేల్చింది. ఎండలో కళ్ళకు చల్లగా ఉంటుందని నేనూ సరేనన్నాను. సాయంకాలానికి వేసేశారు. నిజంగా అందంగా ఉంది. మర్నాడు పొద్దున మేము వచ్చేసరికి అరుగు మీద ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్ళది ఏ పార్టీయో నేను చెప్పను.

"ఏం సార్, యెదురు పార్టీవాళ్ళు యెంత ఇచ్చినారు?" అన్నాడు పెద్దవాడు, నవ్వుతూనే.

"దేనికి?"

"వాళ్ళ కొడి కలరు గదా ఇది." కొడి అంటే జెండా.

"అయ్యా, ఇది ఆకాశం రంగు. ఆకాశం అందరిదీ" అన్నాను. ఇది నేను క్లాసులో చెప్పే వాక్యమే. క్లాసులో బాగా పనిచేసేది.

"ఆకాశం అందరిదీ సార్. గోడ మాత్రం రోడ్డు మీద ఉండాది" అన్నాడు రెండోవాడు.

రంగుల చక్రం అనే దాన్ని నేలమీద పుల్లతో గీసి వాళ్ళకు చూపించాను. వెచ్చని రంగులు, చల్లని రంగులు, ఎదురెదురు రంగులు. శ్రద్ధగా విన్నారు. చివర్లో పెద్దవాడు ఆ చక్రంలో వేలు పెట్టి, "ఇది మాది, ఇది వాళ్ళది, ఇది పోయినసారి మాతో కలిసినవాళ్ళది, ఈసారి వాళ్ళ పక్కకు పూడ్చినారు" అని వరసగా చెప్పుకుంటూ పోయాడు. అంత పూర్తిగా ఆ చక్రాన్ని నాకు ఏ విద్యార్థీ అప్పజెప్పలేదు.

నీలం మీద ఆకుపచ్చ వేశాము. పైరు రంగు, పల్లెటూరు, దీనికెవరు అడ్డం చెబుతారు అనుకున్నాం. ఈసారి అరుగు మీద కూర్చున్నవాళ్ళు వేరే ఇద్దరు. వాళ్ళలో ఒకడు నాకు దూరపు చుట్టం కూడా.

"మామా, నువ్వు గూడానా?" అన్నాడు.

ఆకుపచ్చ మీద పసుపు వేశాము. పసుపు ఒక కులసంఘంవాళ్ళదని తేలింది. ఆ సంఘంవాళ్ళు సంతోషించి మా పిల్లలందరికీ సోడాలు తాగించారు. దాంతో మిగతావాళ్ళందరూ ఒక్కటయ్యారు. ప్రెసిడెంటమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, నేను రెండు వీధులకూ నీళ్ళు వదలాల. ఒక వీధి నాతో మాట్లాడేది మానేసినారు."

ఆ రోజు తిరుత్తణిలో టిఫిన్ తింటూ మేడం నాతో అంది, "నా గోడతో ఎవరికీ ఇబ్బంది లేదు సార్. పెంకులతో లేదు. అరుగుతో లేదు. ఇంత కట్టడంలో గొడవ మొత్తం మీరు పూసిన పలచటి పొరలోనే ఉంది."

నాకు పట్టుదల వచ్చింది. అమ్మాయీ నేనూ కూర్చుని ఆలోచించి ఆలోచించి రోజా రంగు పట్టుకున్నాం. ఆ చుట్టుపక్కల ఏ జెండాలోనూ రోజా లేదు. ఊరి టీ అంగడిలో నలుగురినీ అడిగాం, అందరూ తలలాడించారు. వేశాము. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి, అరుగు మీద ఎవరూ నాకోసం ఎదురుచూడ్డం లేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

మూడో రోజు చూస్తే మగవాళ్ళందరూ షెల్టరు బయట ఎండలో నిలబడి ఉన్నారు. లోపల ఆడవాళ్ళు. అరుగు మీద చాలా చోటుంది. అయినా ఒక్క మగవాడు లోపల లేడు.

విషయం ఏమిటంటే, మా వైపు ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌను బస్సులకు ముందు భాగాన రోజా రంగు పూస్తారు. దూరం నుంచి గుర్తుపట్టడానికి. షెల్టరు కూడా ఆ లెక్కలోదే అని ఊరు తీర్మానించుకుంది. మా చుట్టం కుర్రవాడు తెలియక లోపల కూర్చుంటే ఒక ముసలావిడ చేతికర్ర తాటించి లేపిందట.

"అవ్వా, ఇది అందరిదీ" అని చెప్పబోయాను.

"యాడ రాసుండాది?" అంది.

"అందరికోసమే కట్టాం."

"ఈ రోడ్డున ఇన్నేండ్లు నిలబడినా మాకంటూ ఒకటి కట్టలేదు నాయనా యెవురూ. కట్టినారు, బాగుండాది. వాళ్ళకు ఇంగొకటి కట్టండి" అని కాళ్ళు బార్లా చాపుకుంది.

అమ్మాయికి ఈ మాటలు మేడం ఇంగ్లీషులో చెప్పింది. అమ్మాయి పరవశించిపోయి ముసలావిడ చేతులు పట్టుకుని "థాంక్యూ అన్నా" అంది. ఆ రాత్రే మగవాళ్ళు సంతకాలు పెట్టి ప్రెసిడెంటమ్మకు అర్జీ ఇచ్చారు. అన్ని పార్టీలవాళ్ళూ కలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి అని ఆమె భర్త నాతో చెప్పాడు. నన్ను అభినందిస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు.

ఇంతలో రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయి. మా ఛాన్సలరు షెల్టరును తనే స్వయంగా ప్రారంభిస్తానని రోజు ఖాయం చేశాడు. ఎన్నికలు ప్రకటించారు.

ప్రారంభం రోజు పొద్దున్నే పిల్లలు మామిడాకులు కడుతుంటే ఒక జీపు వచ్చి ఆగింది. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఒక ఆఫీసరు, ఆయన వెంట ఇద్దరు పోలీసులు, జీపు వెనక గోనెపట్టల కట్ట. ఎన్నికలంటే మా దగ్గర విగ్రహాలకూ బోర్డులకూ గోనెలు చుట్టేస్తారు. ఆఫీసరు షెల్టరు చుట్టూ ఒకసారి తిరిగి, గోడ మూలల్లో బయటపడుతున్న పసుపును, దాని కింద ఆకుపచ్చను, దాని కింద నీలాన్ని గోటితో గీకి చూశాడు.

"ఏం సార్, అందరినీ ఒకచోటే పెట్టారు?" అని తమిళంలో అడిగాడు.

జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. నిద్ర లేని కళ్ళు.

"సార్, రంగు ఉంటే చాలు, ఎవరో ఒకరు కంప్లయింటు పెడతారు. ఈ రోడ్డు మీద ఇప్పటికే నాకు మూడు వచ్చాయి, అందులో ఒకటి ఒక ఇంటి తలుపు మీద. గోనె చుట్టేస్తాను. ఎన్నికలయ్యాక మీరు ప్రారంభించుకోండి."

మేడం మొహం నేను మొదటిసారి పాలిపోగా చూశాను. ఛాన్సలరు కారు అప్పటికే తిరువళ్ళూరు దాటింది. పిల్లలకు మార్కులు వేసేది ఈ కట్టడాన్ని చూసే. గోనె చుట్టిన షెల్టరుకు మార్కులెలా వేస్తారు? అమ్మాయి అరుగు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది. రోడ్డు అవతలి నుంచి ప్రెసిడెంటమ్మ గొడుగు కింద నిలబడి అరిచింది. ఎన్నికల నియమాల వల్ల ఆమె ఆ పూట ఇటువైపు రాకూడదట.

"అన్నా! యేదన్నా చెయ్యన్నా!"

"మాకు ఒక గంట ఇవ్వండి సార్" అని ఆఫీసరును బతిమాలాను. "ఎవరూ కంప్లయింటు పెట్టలేని రంగు వేస్తాను."

"అలాంటిది ఉందా?"

ఉందో లేదో నాకూ తెలియదు. ఆయన గడియారం చూసుకుని, టీ తాగి వస్తానన్నాడు.

షెల్టరు వెనకాల మిగిలిపోయిన డబ్బాలు వరసగా ఉన్నాయి. నీలం, ఆకుపచ్చ, పసుపు, రోజా, ప్రైమరుగా వేసిన తెలుపు. అన్నీ నీళ్ళలో కలిసే రంగులే. ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మొదటి ఏడాది పిల్లలకు నేను మొదటి రోజే చెప్పేది ఒకటుండేది: అన్ని రంగులూ ఒకదాంట్లో కలిపినవాడు నా క్లాసులో కూర్చోనక్కర్లేదు. దానికి నేను పెట్టిన పేరు "బురద". తెలుగు రాని పిల్లలకు కూడా ఆ మాట మాత్రం తెలిసేది. ఎంతమంది పిల్లల బొమ్మల మీద ఎర్ర ఇంకుతో "బురద" అని రాశానో లెక్కలేదు. సిమెంటు పనికి వాడిన డ్రమ్ము ఒకటి దొర్లించుకొచ్చి, నీలం డబ్బా ఎత్తి అందులో ఒంపేశాను.

"సార్!" అని అమ్మాయి కేక పెట్టింది. "బురద సార్!"

"అవునమ్మా. కర్ర తీసుకో, కలుపు."

ఈలోగా జనం మూగారు. అరుగు మీద కూర్చున్న మొదటి ఇద్దరూ వచ్చారు, తర్వాతి ఇద్దరూ వచ్చారు, సోడాలు తాగించిన సంఘంవాళ్ళూ వచ్చారు. పోట్లాటకు వచ్చారనుకున్నాను. కాదు. డ్రమ్ము అంచు పట్టుకుని లోపలికి తొంగి చూస్తున్నారు.

"మామా, వాళ్ళది నిండా డబ్బా పోసినావు. మాది సగమే" అన్నాడు మా చుట్టం.

"మీది సగమే మిగిలింది నాయనా."

"అట్లయితే వాళ్ళదీ సగం తియ్యి."

"కలిసిపోయింది, ఎట్లా తీసేది?"

"ఆర్.కె.పేటకు బండి పంపిస్తా, ఇంగో డబ్బా తెస్తారు. సమంగా ఉండాల."

"సమంగా ఉండాల" అన్నారు మిగతావాళ్ళు. అందరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే. బండి పోయింది, డబ్బా వచ్చింది, పోశాము. చేతికర్ర ముసలావిడ వచ్చి రోజా డబ్బా అడుగంటా బోర్లించేదాకా కదల్లేదు. కలిపే కొద్దీ డ్రమ్ములో రంగులు ఒకదాన్నొకటి మింగేసి, చివరికి ఒకే రంగు తేలింది. దాన్ని ఎలా చెప్పను? పొయ్యి ఆరిపోయాక గిన్నెలో మిగిలిన టీకి కాస్త బూడిద కలిపినట్టుంది. ఊరంతా బ్రష్షులు పట్టుకుంది. బ్రష్షులు దొరకనివాళ్ళు గోనెపీచుతో పూశారు. జీపులో కట్ట కొంచెం తగ్గింది, ఆఫీసరు గమనించలేదు.

టీ తాగి వచ్చి ఆయన గోడ ముందు నిలబడ్డాడు. దగ్గరికొచ్చాడు, దూరం జరిగాడు.

"ఇదేం రంగు సార్?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు పేరు తెలియని రంగు ఎదురవడం అదే మొదలు. "తెలియదు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "ఇది ఎవరిదైనా ఉందా?"

ఒక్కరూ పలకలేదు. ఆయన ఆ పొద్దున మొదటిసారి నవ్వి, జీపెక్కి పోయాడు.

జీపు దుమ్ము అణగకముందే ఛాన్సలరు కారు వచ్చింది. ఆయన ఎప్పుడూ తెల్లటి పైజామా, తెల్లటి జుబ్బా వేస్తాడు. గొప్ప మాటలంటే ఆయనకు ఇష్టం. రిబ్బను కత్తిరించి, గోడను కాసేపు కళ్ళారా చూసి, "మట్టి! ఈ నేల మట్టినే గోడకు ఎత్తారు! చాలా సాహసం!" అన్నాడు. అంటూ సంతోషంగా అరుగు మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, ఫోటో తీసుకున్నాడు. రంగు ఇంకా తడిగానే ఉందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మేడం నా కాలు తొక్కింది.

"ఆయనకు నచ్చింది సార్. ఉండనివ్వండి" అంది, పెదవులు కదలకుండా.

అప్పుడే తిరుత్తణి బస్సు వచ్చింది. ఇన్ని నెలల్లో ఆ బస్సు షెల్టరు దగ్గర సరిగ్గా ఆగింది లేదు, ఎప్పుడూ ముందుకు పోయి ఆగేది, జనం పరిగెత్తేవాళ్ళు. ఆ రోజు ఇంత గుంపును చూసి ఏదో ఆక్సిడెంటు అనుకుని డ్రైవరు ఎదురుగానే బ్రేకు వేశాడు. ఆడా మగా అందరూ షెల్టరులోంచే లేచి, ఒక్క అడుగు పరుగు లేకుండా బస్సెక్కారు. రోడ్డు అవతల గొడుగు కింద ప్రెసిడెంటమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకో, బస్సుకో.

ఛాన్సలరు లేచి కారు వైపు నడిచినప్పుడు ఆయన జుబ్బా వీపంతా ఆ ఊరి అన్ని పార్టీల రంగూ అంటుకుని ఉంది. ఎవరూ చెప్పలేదు. అమ్మాయికి ఆ ఏడు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మార్కుల కాగితం మీద డీన్ "రంగు ఎంపికలో పరిణతి" అని రాశాడు. అమ్మాయి దాన్ని నాకు చూపించి, పక్కకు తిరిగి నవ్వుకుంది.

నేను రిటైరయ్యాను. మొన్నామధ్య తిరుత్తణికి ఒక పనిమీద పోయి, ఇంటి గేటుకు రంగు కొందామని బజారులో ఒక పెయింటు అంగడికి వెళ్ళాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంగడివాడు వచ్చాడు. షేడు కార్డు ముందు పెట్టాడు. కార్డు చివర ఒక చతురస్రం చేత్తో పూసి అతికించి ఉంది. నేను చూడగానే గుర్తుపట్టాను.

"ఇదేం రంగు?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"అది కాలేజీ కలర్ సార్. ఆర్.కె.పేట పక్క బాగా పోతాది. యెవురో పట్నం వాద్యారు కనిపెట్టినాడంట. అన్నదమ్ములు భాగం పంచుకుంటారు గదా, మధ్య గోడకు యెవురి కలరూ యెవురికీ ఒప్పదు. అప్పుడు ఇది తీసకపోతారు. చూసేదానికి బాగుండదు గానీ, కొట్లాట రాదు."

నా గుండె ఉబ్బింది. అంత గొప్ప యూనివర్సిటీలో అంతకాలం పనిచేసి, లోకానికి ఒక రంగు ఇచ్చాను. "ఒక లీటరు కట్టు" అన్నాను.

అంగడివాడు డబ్బా తీయబోయి ఆగాడు. బల్ల మీద ముందుకు వంగి, గొంతు తగ్గించి, చాలా మర్యాదగా అడిగాడు.

"ఇంట్లో యేమన్నా తగాదానా సార్?"